సూదికి భయం, పొడికి నమ్మకం



ఆ వాయిస్ మెసేజ్ నాకు నాలుగు చోట్ల నుంచి వచ్చింది. మా ఖాందాన్ గ్రూపులోంచి ఒకసారి, మహల్లా గ్రూపులోంచి ఒకసారి, నాతోపాటు ఉర్దూ మీడియంలో చదువుకున్న దోస్తుల గ్రూపులోంచి ఒకసారి. నాలుగోసారి మా చెల్లెలు విడిగా పంపింది. మొదటి మూడుసార్లు విని ఊరుకున్నాను. నాలుగోసారి ఊరుకోలేకపోయాను. దాని కింద చెల్లెలు ఒక్క ముక్క రాసింది: "భాయిజాన్, మన పిల్లకు ఆ సూది ఆపేద్దామా?"

మెసేజ్‌లో గొంతు ఎవరిదో తెలీదు. పెద్ద వయసాయన. మాట తీరు తహ్‌జీబ్‌గా, మెత్తగా ఉంది. చెప్పింది మాత్రం ఇది: చంబల్‌కు, అంటే సోరియాసిస్‌కు, డాక్టర్లు ఇప్పుడు వేలకు వేలు గుంజి ఒక సూది వేస్తున్నారు. అది ఎలుక కడుపులోంచి తీసిన మందు, కాబట్టి హరాం. వేసుకుంటే టీబీ వస్తుంది. ఒకసారి మొదలుపెడితే జిందగీ అంతా వదలదు. ముసల్మాన్ అన్నవాడు సబర్ చేయాలి, అల్లాహ్ మీద తవక్కుల్ పెట్టుకోవాలి. ఫలానా చోట పొడి దొరుకుతుంది, 40 రోజుల్లో వేళ్లతో సహా పోతుంది.

ఈ జవాబ్ ఆ పెద్దాయనకు రాయడం లేదు. ఆయన నియ్యత్ మంచిదే అయి ఉండొచ్చు. ఆయన మాట విని సూది ఆపేసే ఇళ్లకు రాస్తున్నాను. మా భాంజీ అప్పటికే రెండు డోసులు మానేసింది. తగ్గిపోయిన మోచేతుల మీద ఎర్ర మచ్చలు మళ్లీ లేస్తున్నాయి. రంజాన్ వెళ్లాక దాని నిఖా. అందుకే ఈసారి మొహమాటం పెట్టుకోకుండా రాస్తాను. ఎవరి దిల్ అయినా నొచ్చుకుంటే మాఫ్ చేయండి.

ముందు నా సంగతి. మాది కోవూరు. పెన్నా బ్రిడ్జి దాటితే నెల్లూరు. ఇరవై ఏళ్లుగా ఆ బ్రిడ్జి మీదుగా పత్రికాఫీసుకు పోయి వస్తున్నాను. ఆ ఇరవై ఏళ్లూ నాతో సోరియాసిస్ కూడా బ్రిడ్జి దాటుతూనే ఉంది. మోచేతి మీద రూపాయి బిళ్లంత మచ్చతో మొదలైంది. తర్వాత మోకాళ్లు, నడుము, తల. ఎర్రగా మందంగా లేచిన చర్మం, దాని మీద వెండి రంగు పొలుసులు. గోకితే నెత్తురు చుక్కలు. ఏళ్ల తరబడి తెల్ల చొక్కా తప్ప వేయలేదు. నల్ల చొక్కా వేస్తే భుజాల మీద రాలిన పొట్టు అందరికీ కనిపిస్తుంది.

ఒక జుమా నాడు సఫ్‌లో నా పక్కన నిలబడినాయన నా చేతులు చూశాడు. భుజానికి భుజం ఆనించాల్సిన చోట, ఒక జానెడు పక్కకు జరిగాడు. ఇమాం సాబ్ సఫ్‌లు సరిచేసుకోండి అంటున్నారు, ఆయన జరుగుతూనే ఉన్నాడు. సలాం తిప్పాక నేను జానిమాజ్ మీద రాలిన పొట్టును చేత్తో పోగుచేసి జేబులో వేసుకున్నాను. ఆ రోజు నుంచి చాలా కాలం నమాజ్ ఇంట్లోనే చదివాను. దావత్‌లకు పోవడం మానేశాను. దస్తర్‌ఖాన్ మీద ఒకే తబక్‌లో నలుగురు చేతులు పెట్టే చోట నా చెయ్యి ఎక్కడ పెట్టను?

సోరియాసిస్ అంటుకోదు. ముట్టుకుంటే రాదు, కలిసి తింటే రాదు, ఒకే తువ్వాలు వాడితే రాదు. కోఢ్ కాదు, గజ్జి కాదు, తామర కాదు. సరిగా కడుక్కోనందుకు వచ్చింది కాదు, ఎవరి గునాహ్‌కో పడిన సజా కాదు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ దీనిమీద ప్రత్యేకంగా ఒక తీర్మానం చేసింది. ఇది అంటని దీర్ఘరోగమని, నొప్పి పెట్టే రోగమని, మనిషిని కుంగదీస్తుందని, పూర్తిగా మాయం చేసే మందు ఇంకా లేదని ప్రపంచ దేశాలన్నీ కలిసి ఒప్పుకున్నాయి. ఆ ఆఖరి మాట గుర్తుపెట్టుకోండి. 40 రోజుల్లో వేళ్లతో సహా తీసేస్తానన్నవాడు ఎవడైనా, గడ్డం ఎంత పొడుగున్నా, తెల్లకోటు ఎంత తెల్లగా ఉన్నా, అబద్ధం చెబుతున్నాడు.

పొడి సంగతి నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. నేను తిన్నాను. హకీం అని చెప్పుకునే ఒకాయన దగ్గర లేబుల్ లేని డబ్బాలో తెచ్చుకున్నాను. పొద్దున అర చెంచా, రాత్రి అర చెంచా తేనెలో. వారం తిరిగేసరికి మచ్చలు వాడిపోయాయి. ఇరవై రోజులకు చర్మం నున్నగా అయింది. అల్‌హమ్దులిల్లాహ్ అనుకున్నాను, పదిమందికి ఆ అడ్రసు కూడా ఇచ్చాను. ఆ గునాహ్ ఇప్పటికీ నా మెడ మీద ఉంది. రెండు నెలలకు మొహం ఉబ్బింది, షుగర్ పెరిగింది. భయపడి మానేశాను. మానేసిన పది రోజులకు ఒళ్లంతా ఎర్రబడి, చీము పొక్కులు లేచి, చలిజ్వరంతో ఆసుపత్రిలో పడ్డాను. నన్ను చూసిన డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఏ పొడి తిన్నారు?"

నా లక్షణాలన్నీ స్టెరాయిడ్ తిని మానేసినవాడి లక్షణాలే అన్నాడాయన. సోరియాసిస్ ఉన్నవాడికి స్టెరాయిడ్ మాత్ర లోపలికి ఇస్తే మచ్చలు ముందు చకచకా తగ్గుతాయి. ఆపగానే రోగం పగబట్టినట్టు, చీము పొక్కుల రూపంలో తిరిగొస్తుంది. ఇది డాక్టర్లు చదువుకునే మొదటి పాఠాల్లో ఒకటి. మనకు మాత్రం ఎవరూ చెప్పరు.

నేను తిబ్బె యునానీకి దుష్మన్‌ను కాదు. కర్నూల్లో డాక్టర్ అబ్దుల్ హక్ పేరు మీద యునానీ కాలేజీ ఉంది. హైదరాబాద్ ఎర్రగడ్డలో చర్మ రోగాల కోసమే కేంద్ర సర్కారు నడిపే యునానీ పరిశోధనా సంస్థ ఉంది. అక్కడ చదివిన హకీం చీటీ రాస్తాడు, మందు పేరు చెబుతాడు, రక్త పరీక్షలు చూస్తాడు. నా దుష్మనీ లేబుల్ లేని డబ్బాతో. మందు అన్నాక దాని మీద ఏముందో రాయాలి, లైసెన్స్ నంబరు, తయారైన తేదీ ఉండాలి. ఇది యునానీ మందుకైనా ఆయుర్వేద మందుకైనా చట్టమే. పేరు చెప్పని మందును మన కడుపులో వేసుకుంటాం. పేరు, ఊరు, కంపెనీ, పరీక్షల ఫలితాలు అన్నీ అచ్చువేసిన సూదిని చూసి "ఏం కలుపుతారో" అని భయపడతాం!

ఇది ముసల్మానుల కమజోరీ మాత్రమే అనుకోకండి. 2021 మే నెలలో కృష్ణపట్నంలో కరోనా మందు ఇస్తున్నారంటే కులమతాలు లేకుండా మా జిల్లా అంతా బారులు కట్టింది. ఆపదలో ఉన్నవాడు దగ్గరలో ఉన్న చెయ్యి పట్టుకుంటాడు. తప్పు వాడిది కాదు. సరైన చెయ్యి వాడికి అందనంత దూరంలో ఉండటమే తప్పు. ఆ మాటకు తర్వాత వస్తాను.

ఇప్పుడు ఆ సూది ఏమిటో చూద్దాం.

మామూలుగా మన చర్మంలో కణం పుట్టి, పైకి వచ్చి, రాలిపోవడానికి దాదాపు నెల పడుతుంది. సోరియాసిస్ ఉన్న చోట ఆ పని మూడు నాలుగు రోజుల్లో జరిగిపోతుంది. అందుకే పొలుసులు పేరుకుంటాయి. ఎందుకంత జల్దీ? ఒంటిని కాపాడాల్సిన రక్షణ కణాలు పొరబడి, రాని దుష్మన్ వచ్చాడని కేకలు వేస్తుంటాయి. ఇంటి చౌకీదారు ఇంటివాళ్లనే దొంగలనుకుని కర్ర తీసినట్టు. ఆ కేకలను మోసుకెళ్లే ప్రొటీన్లకు పేర్లున్నాయి: టీఎన్‌ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ 17, ఇంటర్‌ల్యూకిన్ 23. ఆయింట్‌మెంటు పైన పూస్తాం, కేకలు లోపల సాగుతూనే ఉంటాయి. వాపు చర్మంతో ఆగదు. కొందరిలో కీళ్లకు పాకి వేళ్లు వంకరపోతాయి.

బయలాజిక్ అనే ఈ సూది ఆ కేకల్లో ఒక్కదాన్నే పట్టుకుని ఆపే యాంటీబాడీ. అడాలిముమాబ్ టీఎన్‌ఎఫ్‌ను పడుతుంది. సెకుకినుమాబ్ ఇంటర్‌ల్యూకిన్ 17ను పడుతుంది. చౌకీదారును చంపదు, వాడి గొంతు తగ్గిస్తుంది. మాత్రగా మింగితే కడుపులో జీర్ణమైపోతుంది కాబట్టి తొడకో పొట్టకో చర్మం కింద ఇస్తారు.

ఎంత పనిచేస్తుంది? 2014లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో సెకుకినుమాబ్ పరీక్షల ఫలితాలు అచ్చయ్యాయి. ఒక పరీక్షలో 300 మిల్లీగ్రాముల డోసు తీసుకున్నవాళ్లలో 12 వారాలకు నూటికి 81 మందికి పైగా రోగం ముప్పాతిక వంతు, అంతకంటే ఎక్కువ తగ్గింది. ఉత్తుత్తి సూది వేసినవాళ్లలో అలా తగ్గింది నూటికి ఐదుగురి లోపే. పొడి అమ్మేవాడిని ఇలాంటి ఒక్క కాగితం చూపించమనండి.

ఇది అందరికీ మొదటి మందు కాదు, అది కూడా చెప్పాలి. కొద్దిగా ఉన్నవాళ్లకు పూత మందులు చాలు. తర్వాత కాంతి చికిత్స ఉంది. తర్వాత మెథోట్రెక్సేట్ మాత్ర ఉంది, వారానికి ఒక్కసారే, డాక్టరు చెప్పినట్టే. రోజూ వేసుకుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఈ మందు పుట్టుక మన తెలుగువాళ్లు తెలుసుకోవాలి. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లే లేబొరేటరీలో ఫోలిక్ యాసిడ్ తయారీకి నాయకత్వం వహించాడు. దానికి ఎదురు పనిచేసే అమినోప్టెరిన్, మెథోట్రెక్సేట్ కూడా ఆయన బృందం నుంచే వచ్చాయి. 1951లో గబ్నర్ అనే అమెరికా డాక్టరు కీళ్ల జబ్బుకు అమినోప్టెరిన్ ఇస్తుంటే సోరియాసిస్ మచ్చలు తగ్గడం గమనించాడు. నేటికీ నెల్లూరులోనైనా న్యూయార్కులోనైనా ఈ రోగానికి మొదటి పెద్ద మాత్ర అదే. "ఇంగ్లీషు మందు" అని మొహం తిప్పుకునే ముందు, అందులో ఒక భీమవరం బిడ్డ చెమట ఉందని యాద్ చేసుకోండి.

మరి మా భాంజీకి ఆ చవక మాత్ర ఎందుకివ్వలేదు? అది గర్భంలోని బిడ్డకు హాని చేస్తుంది. నిఖా దగ్గర్లో ఉన్న పిల్ల. డాక్టరు ఆలోచించే అడాలిముమాబ్ రాశాడు: మొదటిసారి 80 మిల్లీగ్రాములు, వారానికి 40, అక్కణ్నుంచి రెండు వారాలకోసారి 40. నాలుగు నెలల్లో దాని చేతులు చేతుల్లా అయ్యాయి. చిన్నప్పటి తర్వాత మొదటిసారి అది పొట్టి చేతుల కమీజ్ కుట్టించుకుంది. అప్పుడొచ్చింది ఈ వాయిస్ మెసేజ్.

ఇక ఆ పెద్దాయన ఇల్జాములకు ఒక్కొక్కదానికే జవాబ్.

మొదటిది, ఎలుక. 1957లో అమెరికాలో థియోడోర్ పక్ అనే శాస్త్రవేత్త చైనా హామ్‌స్టర్ అనే చిన్న జంతువు అండాశయం నుంచి కొన్ని కణాలు తీసి సీసాలో పెంచాడు. ఆ కణాల సంతతే నేటికీ స్టీలు ట్యాంకుల్లో పెరుగుతోంది. అడాలిముమాబ్, సెకుకినుమాబ్ తయారయ్యేది అలాంటి కణాల్లోనే. డోసుకో జంతువును కోయరు. కణాలు తయారుచేసిన ప్రొటీన్‌ను వడకట్టి శుద్ధి చేసి సూదిలో నింపుతారు. ఆ ప్రొటీన్ నమూనా మనిషి యాంటీబాడీది. ఇది హలాలా హరామా అని ఫత్వా ఇచ్చే హైసియత్ నాకు లేదు, నేను విలేకరిని. వాయిస్ మెసేజ్‌లో గొంతుకూ ఆ హైసియత్ ఉన్నట్టు తెలీదు. ముఫ్తీ సాబ్‌ను అడగండి. కాకపోతే సవాల్ సరిగా అడగండి. "ఎలుక మందు తినొచ్చా" అని అడిగితే ఒక జవాబ్ వస్తుంది. "ఎన్నో ఏళ్ల కింద తీసిన కణాల సంతతిలో తయారై, శుద్ధి చేసిన ప్రొటీన్‌ను, డాక్టరు రాసిన ఇలాజ్‌గా, చర్మం కింద సూదిగా తీసుకోవచ్చా" అని అడిగితే మరో జవాబ్ రావచ్చు. మన ఇళ్లలో ఎందరు బుజుర్గులు ఏళ్ల తరబడి ఇన్సులిన్ తీసుకుంటున్నారు? ఒకప్పుడు ఇన్సులిన్ ఆవు, పంది క్లోమాల నుంచే వచ్చేది. ఇప్పుడది సూక్ష్మజీవుల్లో తయారవుతోంది. నాన్నగారి ఇన్సులిన్ పెన్ను గురించి ఎప్పుడూ అడగని ప్రశ్న కూతురి సూదికే ఎందుకు వచ్చింది?

రోజా సంగతి కూడా అడుగుతున్నారు. 1997లో జిద్దాలో జరిగిన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ సమావేశం, ఆహారంగా పనిచేయని సూదులు చర్మం కింద ఇచ్చినా, కండరానికి ఇచ్చినా, నరానికి ఇచ్చినా రోజా విరగదని తీర్మానించింది. మనసు ఒప్పకపోతే ఇఫ్తార్ తర్వాత వేసుకోండి. రెండు వారాలకోసారి వేసుకునే సూదికి రాత్రి లేదా?

రెండోది, టీబీ. ఇందులో నిజం ఉంది, దాచను. టీఎన్‌ఎఫ్‌ను ఆపే మందులు ఒంట్లో నిద్రపోతున్న టీబీని లేపగలవు. ప్రపంచంలో టీబీ అందరికంటే ఎక్కువున్న దేశం మనది. అందుకే మొదటి సూదికి ముందే ఛాతీ ఎక్స్‌రే, మాంటూ లేదా ఇగ్రా పరీక్ష చేస్తారు. హెపటైటిస్ బి, సి కూడా చూస్తారు. నాకు ఇగ్రా పాజిటివ్ వచ్చింది. అంటే టీబీ రోగం కాదు, క్రిమి నిద్రలో ఉందని అర్థం. నెల రోజులు టీబీ నివారణ మాత్రలు వేసుకున్నాకే నాకు మొదటి సూది వేశారు. మాత్రలు కోర్సు పూర్తయ్యేదాకా వేసుకున్నాను. నాకు టీఎన్‌ఎఫ్ రకం కాకుండా ఇంటర్‌ల్యూకిన్ 17 రకం ఎంచారు. రెండేళ్లయింది. కాబట్టి టీబీ మాట పరీక్ష చేయించుకోమని చెప్పే మాట. ఇలాజ్ మానేయమని చెప్పే మాట కాదు. పరీక్ష చేయకుండా సూది వేస్తానన్న డాక్టరు దగ్గర్నుంచి లేచి రండి, అది కూడా చెబుతున్నాను.

మూడోది, జిందగీ అంతా వాడాలి. అవును, చాలామందికి ఏళ్ల తరబడి వాడాలి. షుగర్ మాత్ర ఎన్నాళ్లు వాడుతున్నారు? బీపీ మాత్ర? అవి "వదలవు" అని ఎవరూ మానేయడం లేదు. ఒక సంగతి మాత్రం పట్టించుకోండి: బయలాజిక్‌ను ఇష్టం వచ్చినప్పుడు ఆపి, ఇష్టం వచ్చినప్పుడు మొదలుపెడితే, ఒళ్లు ఆ మందుకే ఎదురు యాంటీబాడీలు తయారుచేసుకోవచ్చు. అప్పుడు మందు ఉన్నా పనిచేయకుండా పోతుంది. వాయిస్ మెసేజ్ విని రెండు డోసులు మానేయడం రెండు డోసుల నష్టంతో ఆగకపోవచ్చు. నా బాధంతా అదే.

నాలుగోది, సబర్, తవక్కుల్. ఇక్కడ నాకు గుస్సా వస్తుంది. రోగిని చూసి సబర్ చేయమని చెప్పడం ఎంత ఆసాన్! హజ్రత్ అయ్యూబ్ అలైహిస్సలాం పేరు తీసుకొస్తారు. ఆ కిస్సా పూర్తిగా చదివారా? అన్నేళ్ల సబర్ తర్వాత, కాలితో నేలను తన్నమని ఆయనకు హుకుం వచ్చింది. చల్లని నీళ్లు వచ్చాయి. కడుక్కోవడానికి, తాగడానికి. షిఫా ఇచ్చేవాడు అల్లాహ్‌యే. అయినా అయ్యూబ్ (అ)తో కాలు కదిలించాడు, మధ్యలో నీళ్లను పెట్టాడు. మన నబీ (స) ఇలాజ్ చేయించుకోమనే చెప్పారు, ప్రతి మర్జ్‌తోపాటు దాని దవా కూడా దిగిందని చెప్పారు. ఒంటెను కట్టేసి ఆ తర్వాత తవక్కుల్ పెట్టుకోమన్నారు. మనం ఒంటెను వదిలేసి, అది పోతే సబర్ అంటున్నాం. సబర్ అంటే రెండు వారాలకోసారి భయం దిగమింగి తొడకు సూది గుచ్చుకోవడం. మూడు నెలలు ఫలితం కోసం ఎదురుచూడటం. ఆ సబర్ మా భాంజీ చేసింది. వాయిస్ మెసేజ్ పంపినవాళ్లెవరూ చేయలేదు.

దువాకు నేను అడ్డం కాదు. ముహర్రం వచ్చిందంటే నెల్లూరు స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గాకు లక్షల మంది వస్తారు. రొట్టెల పండుగలో నేనూ నడుం లోతు నీళ్లలో నిలబడి ఆరోగ్య రొట్టె అందుకున్నాను. నాకు రొట్టె ఇచ్చిన హిందూ అమ్మ నా చేతి మచ్చలు చూసి చెయ్యి వెనక్కి తీసుకోలేదు, "తగ్గిపోద్దిలే నాయనా" అంది. ఆ రొట్టె తిన్నాను. తిన్న మరుసటి వారమే పరీక్షలకు రక్తం ఇచ్చాను. రెండూ చేయొచ్చు. అసలు ఆ చెరువులో ఆ అమ్మ చేసినంత ఇన్సానియత్ మన సఫ్‌లో నా పక్కనాయన చేసి ఉంటే, నేను లేబుల్ లేని డబ్బా దాకా పోయేవాణ్ని కాదేమో.

ఇప్పుడు మన గురించి. సూది మీద ఇంత షోర్ దేనికో నాకు తెలుసు. మన ఇళ్లలో దీన్ పేరుతో వినిపించే భయం చాలాసార్లు రిష్తా భయం. ఫ్రిజ్‌లో సూది డబ్బా కనిపిస్తే చూపులకొచ్చినవాళ్లు అడుగుతారు. పొడి డబ్బా అయితే బీరువాలో దాచుకోవచ్చు. మెసేజ్ అంతగా తిరగడానికి అది అసలు కారణం. మా చెల్లెలితో ఒకావిడ అన్న మాట: "నిఖా అయ్యేదాకా ఆపండి, తర్వాత వాళ్లే చూసుకుంటారు." దాచి చేసిన నిఖాలో పిల్ల ప్రతి రాత్రి భయపడుతూ బతకాలా? మేం అబ్బాయి వాళ్లకు చెప్పాం. అంటుకోదని, పిల్లలకు వచ్చే అవకాశం కొంత ఉందని, తప్పకుండా వస్తుందని లేదని, గర్భం అనుకున్నప్పుడు డాక్టరుతో మాట్లాడి మందు నిర్ణయించుకోవాలని. అబ్బాయి తల్లి రెండు రోజులు మాట్లాడలేదు. మూడో రోజు ఫోన్ చేసి, "మా ఆయనకు ఇరవై ఏళ్లుగా షుగర్ ఉంది, మేం మీకు చెప్పామా?" అంది. ఇజ్జత్ అంటే అది.

ఇక ఖర్చు. పెద్దాయన మాటల్లో నేను తల వంచేది దీనికే. మొదటి ఏడాది నా జీతంలో సగం సూదికే పోయింది. బీబీ గాజులు బ్యాంకుకు పోయాయి. సర్కారు కార్డు పట్టుకుని ఒక ఆసుపత్రి కౌంటర్లో అడిగితే, ఈ సూదికి వర్తించదన్నారు. ఆపరేషన్ అయితే వేరే సంగతి అన్నారు. నా ఒంట్లో కోయడానికి ఏముంది?

నా అసలు ఫిర్యాద్ ఇక్కడ. బేచారా రోగి పొడి దగ్గరికి జహాలత్ వల్లే పోవడం లేదు. పొడి 500 రూపాయలు, సూది వేలు. 2013లో బెంగళూరు బయోకాన్ ఇటోలిజుమాబ్ అనే బయలాజిక్‌ను సోరియాసిస్ కోసమే మన దేశంలో తెచ్చింది. 2014 డిసెంబరులో జైడస్ కంపెనీ అడాలిముమాబ్‌కు ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్‌ను ఇక్కడే విడుదల చేసింది, అమెరికా ధరలో దాదాపు ఐదో వంతుకు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అడాలిముమాబ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది, కీళ్లవాతం వంటి రోగాల కోసం. చేయగల చేతులు మన దేశంలోనే ఉన్నాయి. ఐదో వంతు కూడా కోవూరు కూలీకి కొండే.

కొండ దిగదని ఎవరూ అనకండి. మా నెల్లూరు జిల్లాలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి 1993లో హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టాడు. 1997లో హెపటైటిస్ బి టీకా తెచ్చాడు. విదేశాల నుంచి వచ్చే టీకా డోసు వందల రూపాయలున్న రోజుల్లో దాన్ని పదుల్లోకి దించాడు. అప్పుడూ "బయోటెక్నాలజీ మందు పేదలకు ఎలా అందుతుంది" అన్నారు. ఇవాళ అదే టీకా సర్కారు ఆసుపత్రిలో పుట్టిన బిడ్డకు ముఫ్త్‌గా వేస్తున్నారు. టీకాకు జరిగింది ఈ సూదికి ఎందుకు జరగకూడదు? జిల్లా పెద్దాసుపత్రి చర్మ విభాగంలో బయోసిమిలర్ ఉచితంగా ఇవ్వమని అడగడం భీక్ కాదు, హక్. నాలుగు గ్రూపుల్లో వాయిస్ మెసేజ్ తిప్పిన వేళ్లతోనే ఎమ్మెల్యేకు ఒక అర్జీ రాయొచ్చు. నేను రాశాను. మీరూ రాయండి.

హెల్త్ ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లు ఒక సంగతి తెలుసుకోండి. ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో, కంపెనీలు మినహాయించకూడని ఆధునిక చికిత్సల్లో మోనోక్లోనల్ యాంటీబాడీ ఇంజెక్షన్ కూడా ఉంది. పాత రోగానికి వెయిటింగ్ పీరియడ్ 2024 నుంచి 36 నెలలకు మించకూడదు. పాలసీలో పరిమితులు ఉంటాయి, చదవండి. "కవర్ కాదు" అని నోటితో చెబితే ఒప్పుకోకండి, రాసిమ్మనండి.

మొదలుపెట్టేవాళ్లకు నాలుగు ముక్కలు. సూదిని ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉంచాలి. గడ్డకట్టిన మందు పారేయాల్సిందే, అందుకని ఫ్రీజర్ జోలికి పోకండి. రోహిణి కార్తె ఎండలో నెల్లూరు నుంచి కోవూరు తెచ్చినా ఐస్ డబ్బాలోనే తేవాలి. జ్వరం, దగ్గు, చీము గడ్డ ఉంటే డోసుకు ముందు డాక్టరుకు చెప్పాలి. బతికి ఉన్న క్రిమితో చేసిన టీకాలు ఈ మందు మీద ఉన్నప్పుడు వద్దు. హజ్‌కు పోయేవాళ్లకు నోట్లో వేసే పోలియో చుక్కలు ఆ రకమే, కాబట్టి క్యాంపులో ముందే చెప్పండి. దానికి బదులు సూదిగా ఇచ్చే పోలియో టీకా ఉంది. అన్నిటికంటే ముఖ్యం, వాయిస్ మెసేజ్ విని డోసు మానేయకండి. అనుమానం వస్తే సూది రాసిన డాక్టరునే అడగండి.

నిన్న చెల్లెలి ఇంటికి పోయాను. ఇదంతా కూర్చోబెట్టి చెప్పాను. చెల్లెలు ఏడ్చింది. భాంజీ ఏడవలేదు. "మామూ, అందరూ మా అమ్మీని అడుగుతున్నారు, మీరు కూడా అమ్మీకే చెబుతున్నారు. చర్మం నాది కదా" అంది. నాకు జవాబ్ దొరకలేదు. పొద్దున తనే డాక్టరుకు ఫోన్ చేసింది. మానేసిన డోసుల సంగతి చెప్పింది. మళ్లీ రమ్మన్నారు, చూసి మొదలుపెడతామన్నారు. మందు మునుపటిలా పనిచేస్తుందో లేదో మూడు నెలలకు తెలుస్తుంది. ఇన్షా అల్లాహ్, చేస్తుంది. చేయకపోతే మరో రకం సూది ఉంది, ఆ ఖర్చూ ఉంది.

ఆ వాయిస్ మెసేజ్ మీకు ఏ గ్రూపులోంచి వచ్చిందో, ఈ మాటలు కూడా అదే గ్రూపులోకి పంపండి. మీ ఇంట్లో పొడుగు చేతుల చొక్కా వేసుకుని మూలన కూర్చున్నవాళ్లు ఎవరైనా ఉంటే, ముందు వాళ్ల పక్కన కూర్చోండి. రేపు జుమా. సఫ్‌లో భుజం ఆనించండి.

దువాల్లో మా పిల్లను యాద్ ఉంచుకోండి. అల్లాహ్ హాఫిజ్.